నూటయాభై రెండు పాయింట్ సున్నా

మానేరు కంప్యూటర్స్‌లో మనుషుల కంటే చెప్పులకు క్రమశిక్షణ ఎక్కువ. కరీంనగర్ టవర్ సర్కిల్ దగ్గర, మొదటి అంతస్తులో, అద్దాల తలుపు బయట ముక్కులు గోడవైపు పెట్టి వరుసగా విడవాలి. లోపల ఏసీ ఉంది. అది కంప్యూటర్ల కోసం పెట్టింది కాబట్టి మనుషులు దాని ముందు నిలబడి చెమట ఆర్చుకోకూడదని యజమాని సీతారాంరావు బోర్డు రాయించాడు. ఆ బోర్డు కిందే ఆయన కుర్చీ. ఏసీ గాలి సరిగ్గా ఆ కుర్చీకే తగులుతుంది.

1993 మే నెలలో ఒక శుక్రవారం పొద్దున ఇద్దరు ఆడపిల్లలు చెప్పులు విడిచి లోపలికి వచ్చి, బోర్డు చదవకుండా, ఆయనకూ గాలికీ మధ్య నిలబడ్డారు.

"సార్, జర మంచిగ చూసి చెప్పుండ్రి," అంది అందులో ఒకామె. "నేను పొడుగున్ననా, గీ కొమురవ్వ పొడుగున్నదా?"

సీతారాంరావు పేపరు దించాడు. ఆయన జీవితంలో చాలామంది చాలా అడిగారు గానీ ఇది ఎవరూ అడగలేదు. "ఏం పని మీద వచ్చిండ్రు?" అన్నాడు.

"గదే పని సార్. నా పేరు అనసూర్య. సిరిసిల్ల మాది. మరమగ్గాల షెడ్డుల నూలు కండెలు చుడుతం ఇద్దరం. మిల్లు గార్డు కొలువుకు పోయినం. ఇది పాసైంది, నేను కాలే. పొడుగు సాలలేదట."

హుజూరాబాద్ రోడ్డులో ఒక సహకార నూలు మిల్లు ఉంది. షిఫ్టు దిగి ఇంటికి పోయే ఆడవాళ్ల సంచులూ నడుములూ మగ గార్డులే తడుముతున్నారని గొడవ జరిగి, మిల్లు వాళ్లు ఆడ గార్డులను తీసుకుంటున్నారు. కనీసం నూటయాభై రెండున్నర సెంటీమీటర్ల ఎత్తు ఉండాలి. గేటు దగ్గర సంచీ వెతకడానికి ఆ అర సెంటీమీటరు ఎందుకో ఎవరికీ తెలియదు గానీ, అర ఉంటే రూలుకు ఒక గాంభీర్యం వస్తుంది. పక్షపాతం అన్న మాట రాకూడదని ఒక్కొక్కరినీ ముగ్గురు మెంబర్ల ముందు మూడుసార్లు కొలిపించారు. మూడింటి సగటు తీసి లిస్టు కొట్టే పని మానేరు కంప్యూటర్స్‌కు ఇచ్చారు. మిల్లు మేనేజర్ లింగారావు సీతారాంరావుకు వరుసకు తమ్ముడు కావడం పక్షపాతం కిందికి రాదు.

"లిస్టుల ఏమున్నది?" అన్నాడు సీతారాంరావు.

"నాది నూటయాభై రెండు పాయింట్ సున్నా. దీనిది నూటయాభై రెండు పాయింట్ ఆరు. చూడుండ్రి మల్ల." అనసూర్య కొమురవ్వను దగ్గరికి లాగి వీపుకు వీపు ఆనించింది.

కొమురవ్వ ఇబ్బందిగా నవ్వింది. "నేనే పొట్టి సార్. నాకు తెలుసు. చిన్నప్పటి సంది అటక మీది సామాన్లు ఇదే తీసుడు."

సీతారాంరావు కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూశాడు. "నీ కొప్పు పెద్దగున్నది," అన్నాడు చివరికి.

అనసూర్య కొప్పు మీదికి చేతులెత్తింది. పిన్నులు ఒక్కొక్కటే తీసి నోట్లో పెట్టుకుంది. కొప్పు విప్పింది. జుట్టంతా ముందుకు వేసుకుని మళ్లీ అలాగే నిలబడింది.

వెనక గదిలో ఆడపిల్లల బ్యాచికి పాఠం చెప్పి అప్పుడే బయటికి వచ్చిన ప్రమోదిని ఇదంతా చూస్తోంది. ఆమె సీతారాంరావు కూతురు. బీఎస్సీ లెక్కలు చదివి, అక్కడే సి అనే కంప్యూటర్ భాష నేర్చుకుని, అక్కడే నేర్పుతోంది. ఆమె టేబుల్ మీది చెక్క స్కేలు తెచ్చి ఇద్దరి నెత్తుల మీదా అడ్డంగా పెట్టి, దాని మీద ఒక పెన్సిల్ ఉంచింది. పెన్సిల్ కొంచెం ఆలోచించి, కొమురవ్వ వైపు దొర్లి కింద పడింది.

"చూసిండ్రా?" అంది అనసూర్య పిన్నుల మధ్య నుంచి.

"పెన్సిల్‌ది ఏమున్నది," అన్నాడు సీతారాంరావు. "ఏసీ గాలికి గూడ దొర్లుతది. చూడు బిడ్డా, కంప్యూటర్‌కు నీ మీద పగ లేదు. దానికి నువ్వెవరో తెల్వది. గందుకే అది తప్పు చెయ్యది."

"నాకు గూడ అదెవరో తెల్వది సార్. నా పొడుగైతే నాకు తెలుసు. మిల్లు వాచ్‌మన్ హనుమండ్లన్న కొలతకట్టె పట్టుకోని గట్టిగ ఒర్రిండు. నూటయాభై మూడు అన్నడు. మల్ల నూటయాభై మూడు అన్నడు. మూడోసారి మేనేజర్ సార్ వంగి చూసి, ఒక్క పాయింటు తక్వ రాయుమన్నడు. గంతే. నూటయాభై రెండు అని ఎవ్వలూ అనలే. సోమవారం జాయినింగ్. వచ్చే నెలకు నాకు ఇరవై ఐదు నిండుతయి. ఇగ ఏ మిల్లోడూ అప్లికేషన్ తీసుకోడు. బతుకంత కండెలే చుట్టాలె."

ప్రమోదిని కంప్యూటర్ ముందు కూర్చుని అనసూర్య పేరు తీసింది. మూడు కొలతలూ ఆమె చెప్పినట్టే ఉన్నాయి: రెండుసార్లు నూటయాభై మూడు, ఒకసారి నూటయాభై రెండు పాయింట్ తొమ్మిది. క్యాలెండర్ వెనక పెన్సిల్‌తో కూడి, మూడుతో భాగించింది. నూటయాభై రెండు పాయింట్ తొమ్మిది ఏడు వచ్చింది. ఒక్క స్థానానికి సవరిస్తే నూటయాభై మూడు. అచ్చయిన లిస్టులో నూటయాభై రెండు పాయింట్ సున్నా ఉంది.

"బాపూ, కొలతలు సక్కగనే ఉన్నయి. అచ్చు తప్పున్నది," అంది.

సీతారాంరావు ముఖంలో రంగు మారింది. అంకెలు అచ్చు వేసే ప్రోగ్రాం ముక్క ఎవరు రాశారో ఆయనకు గుర్తుంది. "రేపు చూద్దాం," అని ఆడపిల్లలను పంపేశాడు. మెట్ల మీద అనసూర్య గొంతు చాలాసేపు వినిపించింది. ఆమె కొమురవ్వను తిట్టడం లేదు. కొమురవ్వే ఏడుస్తుంటే ఊరుకోబెడుతోంది.

*

మధ్యాహ్నం భోజనాల దగ్గర శ్రీధర్‌రావు పీట కొంచెం ఎత్తుగా ఉంటుంది. ఆయన ప్రమోదిని భర్త. హైదరాబాద్‌లో ఎంసీఏ చదివి, పెళ్లయ్యాక మామగారి ఇంట్లోనే ఉంటున్నాడు. ఇల్లరికం అనకూడదు, కంపెనీ చూసుకుంటున్నాడు అనాలి. ఆ ఇంట్లో అల్లుడికి ఎదురు చెప్పడం లేదు. కూరలో ఉప్పు ఎక్కువైందని ఆయన అంటే వండినవాళ్లది తప్పు. తక్కువైందని అంటే ఉప్పుది తప్పు. పాపం ఆయన ఏదీ అనడు. సన్నగా, తల వంచుకుని, పెట్టింది తింటాడు. మూడేళ్లలో ఆయన అభిప్రాయం ఎవరూ అడగలేదు. అడిగితే ఎదురు చెప్పినట్టవుతుందేమోనని భయం.

ఆయన కీర్తికి కారణం ఒక ఫ్లాపీ. సి భాషలో ప్రోగ్రాం రాసేవాళ్లు అంకెను అచ్చు వేయడానికి తాము కష్టపడరు. భాషతో పాటు వచ్చే లైబ్రరీలో ఆ పని చేసే ముక్క తయారుగా ఉంటుంది, దాన్ని పిలుస్తారు. లోపల ఏముందో ఎవరూ చూడరు. సీతారాంరావు కోఠిలో, బిల్లు అడగకూడని ఒక దుకాణంలో, ఆ భాషను ఫ్లాపీల్లో కాపీ కొట్టించి తెచ్చాడు. అందులో ఒక ఫ్లాపీ చెడిపోయి, దశాంశాలు అచ్చువేసే ముక్క రాలేదు. మామూలు అంకెలు బాగానే వచ్చేవి. పాయింటు ఉన్న అంకె తగలగానే, ఆ సదుపాయం కలపలేదని ఇంగ్లీషులో ఒక ముక్క చెప్పి మెషిన్ ఆగిపోయేది. అసలుది కొనుక్కోవచ్చన్న ఆలోచన ఇంట్లో ఎవరికీ రాలేదు. కొత్తగా వచ్చిన శ్రీధర్‌రావు కూర్చుని ఆ ముక్కను తానే రాసి లైబ్రరీలో అతికించాడు. పాయింట్లు వచ్చాయి. అప్పటి నుంచి ప్రతి పెళ్లిలోనూ సీతారాంరావు, "హైదరాబాదోళ్లకు రాని పాయింట్లు మా అల్లుడు తెప్పించిండు," అని చెప్పేవాడు. విన్నవాళ్లు ఏం పాయింట్లో అర్థం కాకపోయినా తలలు ఊపేవారు. ఆయన ఆ ముక్క రాసిన అసలు ఫ్లాపీకి పసుపు కుంకుమ పెట్టి దేవుడి గదిలో ఉంచారు.

"మీరు రాసిన దశాంశాల ముక్కల తప్పున్నట్టున్నది," అంది ప్రమోదిని.

ఆమె తల్లి మనోరమ చేతిలోని గరిటె ఆగిపోయింది. "అన్నం తినేటప్పుడు లెక్కలేంది బిడ్డా? అల్లుడుగారికి పెరుగు వెయ్యి."

"పెరుగు వేసిన. తప్పున్నది అంటున్న."

"టైపు చేసిన పోరగాళ్లు తప్పు కొట్టి ఉంటరు," అన్నాడు సీతారాంరావు అల్లుడి వైపు చూడకుండా.

"కొలతలు నేను చూసిన బాపూ. టైపు సక్కగనే ఉన్నది."

"అయితే ఆ పిల్లనే పొద్దున పొడుగుండి సాయంత్రం పొట్టిగయ్యి ఉంటది. పేపర్ల గూడ రాసిండ్రు, మనుషులు దినాం జర కుంగుతరట."

"సెంటీమీటర్ కుంగుతరా? కొమురవ్వ కుంగలే గదా మల్ల?"

"ఒక్కొక్కల తత్వం ఒక్కొక్క తీరుగుంటది."

శ్రీధర్‌రావు పెరుగన్నం కలుపుతూ ఆగాడు. "ఎంత రావాలె, ఎంత వచ్చింది?" అన్నాడు మెల్లగా.

"నూటయాభై రెండు పాయింట్ తొమ్మిది ఏడు. సున్నా అని వచ్చింది."

ఆయన వేళ్లు అన్నంలోనే ఉండిపోయాయి. చెవులు ఎర్రబడ్డాయి. అది ప్రమోదిని ఒక్కతే చూసింది.

"చూసినవా, నీ మాటలకు సరిగ తినలేదు," అంది మనోరమ.

*

శనివారం పొద్దున ప్రమోదిని దేవుడి గదికి వెళ్లింది. కంప్యూటర్‌లో ఉన్నది తయారైన లైబ్రరీ, దాన్ని మెషినే చదవగలదు. శ్రీధర్‌రావు రాసిన అసలు పాఠం ఫ్లాపీలోనే ఉంది.

"స్నానం చేసినవా?" అంది మనోరమ వెనక నుంచి.

"చేసిన."

"తలకు?"

"అవ్వా, అది ఫ్లాపీ."

"మూడేండ్ల సంది దీపం పెడుతున్న. నాకు చెప్పకు."

ప్రమోదిని తలస్నానం చేసి, తడి జుట్టుతోనే ఫ్లాపీ తీసుకుని సెంటర్‌కు పోయింది. కుంకుమ లోపలికి పోయి ఉంటుందేమోనని భయపడింది. ఊది, తట్టి, మళ్లీ ఊదింది. మెషిన్ రెండుసార్లు గరగరమని మూడోసారి చదివింది.

పాఠం తెరవక ముందే ఆమె చిన్న పరీక్ష ప్రోగ్రాం ఒకటి రాసింది. సున్నా పాయింట్ తొంభై నుంచి ఒకటి దాకా, నూరో వంతు చొప్పున పెంచుకుంటూ, ఒక్కొక్కదాన్నీ ఒక్క దశాంశానికి అచ్చు వేయమంది. ప్రింటర్ కీచుమంటూ మొదలుపెట్టింది. పాయింట్ తొంభై నాలుగు దాకా తొమ్మిది అని బుద్ధిగా కొట్టింది. తొంభై ఐదు దగ్గర సున్నా పాయింట్ సున్నా. తొంభై ఆరు, ఏడు, ఎనిమిది, తొమ్మిది, అన్నీ సున్నాలే. ఒకటి దగ్గరికి వచ్చేసరికి ఏమీ ఎరగనట్టు ఒకటి పాయింట్ సున్నా కొట్టింది.

అంటే అన్ని అంకెలూ తప్పు కాదు. పైఅంకెకు వెంట్రుకవాసి దూరంలో ఉన్నవే పడిపోతున్నాయి. మిగతావన్నీ బాగుండబట్టి మూడేళ్లు ఎవరికీ అనుమానం రాలేదు.

పాఠం తెరిచింది. శ్రీధర్‌రావు చక్కగా రాశాడు. పాయింటుకు ముందున్న నూటయాభై రెండును మొదట రాసేస్తుంది. మిగిలిన భాగాన్ని పదితో హెచ్చించి, అర కలిపి, వచ్చిన అంకెను పాయింటు తర్వాత వేస్తుంది. తొమ్మిది పాయింట్ ఏడుకు అర కలిపితే పది దాటుతుంది. పది ఒక్క గడిలో పట్టదు. బడిలో పిల్లలైతే సున్నా వేసి, చేతిలో ఒకటి ఉంచుకుని, పక్క గడికి కలుపుతారు. ఇక్కడ పక్క గడి అప్పటికే రాసేసి ఉంది. చేతిలోని ఒకటి ఎటూ పోవడానికి లేదు. ఆ వరుస చివర 'పర్సెంట్ పది' అని ఉంది. అంటే పదితో భాగించి శేషం మాత్రం ఉంచుకో అని. పదికి శేషం సున్నా. ఒకటి మాయం.

ఆ పక్కనే, ఇంగ్లీషులో, శ్రీధర్‌రావు తన కోసం రాసుకున్న మాట: కోలన్ ప్రాబ్లం సాల్వ్‌డ్.

శ్రీధర్‌రావు వచ్చి వెనక నిలబడ్డాడు. ఆమె వేలు ఆ వరుస మీద పెట్టింది.

"గిదేంది?"

"మొదట్ల గది లేకుండె," అన్నాడాయన. "అది లేకుంటే తొమ్మిది తర్వాత అంకె లేదు గదా, మెషిన్ల తొమ్మిది పక్కన ఏ గుర్తుంటే అది కొట్టేది. తొమ్మిది పక్కన కోలన్ ఉన్నది. రెండు చుక్కలు."

"ఎక్కడొచ్చినయి?"

"బడి మార్కుల లిస్టుల. మొదటి కాంట్రాక్టు. ఒక పిల్లకు యాభై తొమ్మిది పాయింట్ రెండు చుక్కలు అని వచ్చింది. హెడ్‌మాస్టర్ పట్టుకొచ్చి, ఇదేం మార్కు బాబూ అన్నడు. బయట మామయ్యగారు అందరికి మిఠాయి పంచుతున్నరు. మా అల్లుడు చేసిండని. నేను లోపటికొచ్చి గది పెట్టిన. చుక్కలు పోయినయి."

"చుక్కలు ఎందుకొచ్చినయో చూడలే?"

"పోయినయి గదా అనుకున్న."

"ఆ పిల్లకు అరవై రావాలె. యాభై తొమ్మిది పాయింట్ సున్నా ఇచ్చి పంపిండ్రు. ఫస్ట్ క్లాసు పోయింది."

శ్రీధర్‌రావు కుర్చీ కోసం చేత్తో తడిమాడు. దొరికింది గానీ కూర్చోలేదు.

దిద్దడానికి ఎక్కువ సేపు పట్టలేదు. ముందే సవరించి, ఆ తర్వాత ముక్కలు చేసి రాయాలి, అంతే. ప్రమోదిని టైపు చేస్తుంటే ఆయన పక్కన నిలబడి ఒక చోట సెమీకోలన్ మర్చిపోయావని చెప్పాడు. లిస్టు మళ్లీ కొట్టారు. అనసూర్య నూటయాభై మూడు పాయింట్ సున్నా. ఇంకా ఇద్దరు ఆడవాళ్లు కూడా ఒక్కో సెంటీమీటరు పెరిగి పాసయ్యారు. ఒకామెది హుజూరాబాద్, ఇంకొకామెది మంథని.

సాయంత్రం ఇంటి వరండాలో లింగారావు, సీతారాంరావు కూర్చుని కొత్త లిస్టును తిప్పితిప్పి చూశారు. లింగారావు మనిషి చెడ్డవాడు కాదు. ఎవరికీ కష్టం కలగకూడదంటాడు. ఎవరికీ అంటే తనకు తెలిసినవాళ్లకు.

"పిల్లకు అన్యాయం జరుగొద్దన్నా," అన్నాడు లింగారావు. "కొలువిద్దాం. కాని కంప్యూటర్ తప్పంటే రేపు అల్లుని పేరొస్తది. కట్టె పట్టుకున్నది హనుమండ్లు. వాడు కట్టె వంకర పట్టిండు, మల్ల కొలిసినం, సరైంది అని రాస్త. వానికొక మెమో ఇచ్చి తొలగిస్త. రిటైర్‌మెంట్ ఎట్లగూ దగ్గరికొచ్చింది. జర ముందుగాల ఇంట్ల కూసుంటడు. అంతకు మించి ఏం లేదు."

"మరి పెన్షను, గిన్షను?" అంది ప్రమోదిని గుమ్మంలోంచి.

"గవన్ని తర్వాత చూద్దాం తల్లీ."

"ఇంక ఇద్దరున్నరు కాకా. హుజూరాబాద్, మంథని."

"వాళ్లు వచ్చి అడుగలే గదా? అడిగినోళ్లకే ఇద్దాం. అడుగనోళ్లను లేపి మరీ ఇస్తే ఏదో ఉన్నదనుకుంటరు."

ప్రమోదిని భర్త కోసం లోపలికి తిరిగి చూసింది. శ్రీధర్‌రావు తలుపు వెనకే ఉన్నాడు. అంతా విన్నాడు. ఆయనను పిలవాలని వరండాలో ఎవరికీ తోచలేదు. ఆయన పరువు గురించి మాట్లాడుకుంటున్నప్పుడు ఆయన ఉండటం బాగుండదు.

*

సోమవారం మిల్లు ఆఫీసులో ఫ్యాను తిరుగుతోంది గానీ గాలి కిందికి రావడం లేదు. లింగారావు టేబుల్ వెనక, ఆయన ఎదురుగా సీతారాంరావు, శ్రీధర్‌రావు, ప్రమోదిని కుర్చీల్లో కూర్చున్నారు. అనసూర్య, వాచ్‌మన్ హనుమండ్లు నిలబడ్డారు. హనుమండ్లు కొలతకట్టెను కూడా తెచ్చి, భుజానికి ఆనించి, నిటారుగా పట్టుకున్నాడు. తెమ్మని ఎవరూ చెప్పలేదు.

"నీకు కొలువొచ్చింది," అన్నాడు లింగారావు అనసూర్యతో. "ఇగ సంతోషమేనా?"

అనసూర్య ముఖం వెలిగింది. "సంతోషమే సార్. మరి ముందుగాల ఎందుకు రాలే?"

"గీ హనుమండ్లు కట్టె వంకర పట్టిండు. తక్వ వచ్చింది. గీన్ని తీసేస్తున్నం. ఇగ నువ్వు గీడ సంతకం పెట్టు, తిరిగి కొలిసిండ్రని."

హనుమండ్లు కట్టెను చూసుకున్నాడు. "నేను వంకర పట్టలే దొరా. వంకర పడితే ఎక్వ రావాలె గని తక్వ ఎట్లొస్తది?"

లింగారావుకు ఆ సంగతి తట్టలేదు. "ఎదురు మాట్లాడకు," అన్నాడు.

అనసూర్య పెన్ను ముట్టలేదు. "సార్, నన్నెవ్వలూ తిరిగి కొలవలే. హనుమండ్లన్న నూటయాభై మూడు అని ఒర్రంగ మీరు గూడ ఇన్నరు. మీరే వంగి చూసిండ్రు. సంతకం ఎట్ల పెట్టాలె?"

"ఓ పిల్లా, కొలువు కావాల్నా వద్దా?"

"కావాలె." ఆమె కాగితం వైపు చూసింది. "కావాలనే ఐదుసార్లు బస్సెక్కి వచ్చిన. కాని ఈయనది తీసి నాకియ్యకుండ్రి."

అప్పుడు శ్రీధర్‌రావు లేచాడు. మామగారి ముందు ఆయన లేచి నిలబడి మాట్లాడటం అదే మొదటిసారి కాబట్టి అందరూ ఆయనకు ఏం కావాలో అని చూశారు.

"కట్టెది తప్పు కాదు. నేను రాసిన ప్రోగ్రాంల తప్పున్నది. తప్పు నాది," అన్నాడు.

 లింగారావు కళ్లు చెమర్చాయి.

"చూసినవా అన్నా!" అన్నాడు. "ఒక వాచ్‌మన్ కోసం తప్పు తన మీదేసుకుంటుండు. గీ కాలంల గిసుంటోళ్లు ఎక్కడున్నరు?"

"మా అల్లుడు ముందు సంది గంతే," అన్నాడు సీతారాంరావు ఉప్పొంగి. "ఎవలకన్న కష్టమంటే సూడలేడు. మెత్తటి మనసు."

"కాదు," అన్నాడు శ్రీధర్‌రావు. "నిజంగనే..."

"నువ్వు కూసో అల్లుడూ. నీ పెద్ద మనసు చూసి హనుమండ్లును తీసేసుడు రద్దు చేస్తున్న. హెచ్చరిక మాత్రం ఇస్త. ఒరేయ్, దండం పెట్టు సార్‌కు."

హనుమండ్లుకు ఏం జరిగిందో తెలియకపోయినా ఉద్యోగం నిలిచిందని తెలిసింది. కట్టెను చంకలో పెట్టుకుని శ్రీధర్‌రావుకు రెండు చేతులూ జోడించాడు. శ్రీధర్‌రావు ఆ చేతులను చూసి ఒక అడుగు వెనక్కి వేశాడు.

"తప్పు చెయ్యనోనికి హెచ్చరికేంది సార్?" అంది అనసూర్య. సీతారాంరావు అల్లుడి భుజం తడుతున్నాడు.

ప్రమోదిని కుర్చీలోంచి లేవలేదు. తండ్రి ముందు, చిన్నాన్న ముందు, బయటి మనుషుల ముందు, భర్తను ముఖం మీద అడిగింది.

"కోలన్ సంగతి గూడ చెప్పుండ్రి."

"ఇదేంది బిడ్డా, నలుగుర్ల..." అన్నాడు సీతారాంరావు.

శ్రీధర్‌రావు ఆమెను చూశాడు. కోపంగా కాదు. చాలా రోజుల తర్వాత ఎవరో తనను ఒక ప్రశ్న అడిగినట్టు చూశాడు.

"తప్పు తెల్వక చెయ్యలే," అన్నాడు. "మూడేండ్ల కింద బడి లిస్టుల కనవడ్డది. అంకె రావాల్సిన కాడ రెండు చుక్కలొచ్చినయి. తప్పున్నదని తెలిసింది. తప్పు తియ్యలే. చుక్కలు కనవడకుంట చేసిన. అందరు మెచ్చుకుంటుండ్రు గదా అని ఊకున్న. గట్ల ఊకున్నందుకే గీమె పొట్టిగయ్యింది."

లింగారావు నోరు తెరిచాడు. దీనికి పెద్ద మనసు అనే మాట సరిపోదు. ఇంకో మాట కోసం టేబుల్ మీద వెతికినట్టు కాగితాలు సర్దాడు. సీతారాంరావు చేయి అల్లుడి భుజం మీద ఉండాలో తీయాలో తేల్చుకోలేక అక్కడే ఉండిపోయింది. "ఎండకు అల్లుడుగారికి తల తిరుగుతున్నట్టున్నది," అన్నాడు ఆయన. "ఎవరన్న మజ్జిగ తీస్కరాండ్రి." ఎవరూ కదల్లేదు.

"సార్," అంది అనసూర్య శ్రీధర్‌రావుతో. "నా సెంటీమీటర్ ఎటు పోయినట్టు మల్ల?"

"ఎటూ పోలే. నేనే పారేసిన."

"నాదొక్కదానిదేనా?"

"కాదు. మీ లిస్టుల ఇంకిద్దరియి. బడి పిల్లలయి ఎన్నో తెల్వది. మూడేండ్ల సంది కొడుతున్నం."

"మరి గిట్ల నిలవడ్డరేంది సార్?" అంది అనసూర్య.

ఆమె దాన్ని తిట్టులా అనలేదు. షెడ్డులో దారం తెగితే, మగ్గం ఆపకుండా చూస్తూ నిలబడ్డవాణ్ని అడిగినట్టు అడిగింది.

శ్రీధర్‌రావు భుజం మీది చేతిని మెల్లగా తీసి మామగారి ఒళ్లో పెట్టాడు. బయటికి నడిచాడు.

"ఎటు, ఎటు?" సీతారాంరావు లేచాడు. "బడికి సెలవులు గదా!"

"హెడ్‌మాస్టర్ ఇంట్ల ఉంటడు."

"అల్లుడుగారూ, జూన్‌ల బడి కాంట్రాక్టు ఉన్నది. మల్ల రాసిచ్చేదాక జర ఆగుండ్రి. ప్రమోదినీ, ఆపు బిడ్డా!"

ప్రమోదిని సంచీలో ఫ్లాపీలున్నాయో లేదో చూసుకుంది. లింగారావు ముందున్న మెమోను, తిరిగి కొలిచినట్టు రాసిన కాగితాన్ని తీసి, రెండింటినీ ఒకేసారి నిలువుగా చింపి ఆయన చేతికే ఇచ్చింది. "కాకా, హుజూరాబాద్, మంథని వాళ్లకు ఇయ్యాల్నే టెలిగ్రాం కొట్టుండ్రి. కొట్టకుంటే నేను పోయి చెప్తా," అంది. లింగారావు ఆ ముక్కలను ఎక్కడ పెట్టాలో తెలియక పట్టుకునే ఉన్నాడు. అనసూర్య మిగిలిన జాయినింగ్ కాగితాన్ని మొదటి నుంచి చివరి దాకా చదివి, కింద సంతకం పెట్టింది.

బయట శ్రీధర్‌రావు, ప్రమోదిని తెచ్చిన కంపెనీ స్కూటర్‌ను తన్నుతున్నాడు. ఆయన దాన్ని ఎప్పుడూ నడపడు. ఎక్కడికైనా మామగారి డ్రైవర్ కార్లో దించుతాడు. అది మూడో తన్నుకు లేచింది. ప్రమోదిని వెనక ఎక్కింది. హనుమండ్లు పరుగెత్తుకెళ్లి గేటు తీశాడు.

సీతారాంరావు పంచె పట్టుకుని మెట్లు దిగుతూ, గేటు వైపు చేయి ఊపుతూ, "అల్లుడుగారూ! ఎండ! ఎండల పోకుండ్రి!" అని అరిచాడు.

శ్రీధర్‌రావు బ్రేకు మీద కాలు పెట్టాడు. మామగారి మాటకు ఆగడం అలవాటు.

"ఆపకుండ్రి," అంది ప్రమోదిని.